నాలుగో బిళ్ళ మీద గీత

రంగుల మిల్లులో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. అందరికీ ఆమె షేడక్క. అద్దకం అయిన గుడ్డను, కొనేవాళ్ళు ఇచ్చిన నమూనా ముక్క పక్కన పెట్టి, రెండు రంగులూ ఒకటేనా కాదా అని తేల్చి చెప్పడం ఆమె పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. షేడ్ రూమని కిటికీ లేని చిన్న గది, గోడలకు బూడిద రంగు, మధ్యలో ఒక పెట్టె. పెట్టెకు మూడు మీటలు. ఒకటి నొక్కితే పగటి వెలుగు, ఇంకోటి నొక్కితే దుకాణాల్లో ఉండే తెల్ల వెలుగు, మూడోది నొక్కితే ఇళ్ళల్లో ఉండే పసుపు వెలుగు. మూడింటిలోనూ రంగు కలిసిందా, గుడ్డ లారీ ఎక్కుతుంది. ఒక్కదాంట్లో తేడా కొట్టిందా, షేడక్క పెదవి విరుస్తుంది, మేస్త్రీ నెత్తి బాదుకుంటాడు, ఆ గుడ్డ తాను మళ్ళీ రంగు తొట్టెలోకి దిగుతుంది.

అలాంటి మనిషికి మూడు నెలలుగా మనసు మనసులో లేదు. మిల్లుకు రంగులు కొలిచే మిషన్ వచ్చింది. వచ్చిన వారంలోనే ఒక లేత నీలం గుడ్డ దగ్గర ఇద్దరికీ తగువు పడింది. నీలంలోంచి ఎరుపు తొంగిచూస్తోందని షేడక్క, అంతా సవ్యంగా ఉందని మిషన్. మేనేజరు మిషన్ మాటే విన్నాడు. "అక్కా, ఒకసారి కళ్ళు చూపించుకోరాదూ?" అని నవ్వుతూనే అన్నాడు. అలాంటి మాటలు నవ్వుతూ అన్నా గుచ్చుకుంటాయి. ఆ గుడ్డ వెనక్కి తిరిగొస్తే ఆమె గెలిచేది. రాలేదు. కళ్ళ డాక్టరు చూపు బాగానే ఉందన్నాడు కానీ, "వయసుకు తగ్గట్టు" అని ఒక ముక్క చేర్చాడు. ఆ ముక్క పట్టుకుని ఆమె మూడు నెలలుగా కిందా మీదా పడుతోంది.

ఆమె చేతుల సంగతి కూడా చెప్పాలి. మనిషి బుద్ధి ఎక్కడున్నా ఆ చేతులు తమ పని తాము చేసుకుపోతాయి. ముక్కలు కనబడితే చాలు, ముదురు నుంచి లేతకు, ఎడమ నుంచి కుడికి పేర్చేస్తాయి. దండెం మీద తువ్వాళ్ళు అలాగే, అలమరలో చీరలు అలాగే. ఒకసారి బంధువులింట్లో మాట్లాడుతూ మాట్లాడుతూ ప్లేటులో బిస్కెట్లను మాడినదాని నుంచి మాడనిదాని దాకా పేర్చేసరికి, ఆ ఇంటావిడ మొహం మాడ్చుకుంది.

ఇక ఓడ సంగతి. ఆ ఓడ ప్రయాణం పెట్టుకున్నది అత్తయ్య కోసం. అత్తయ్యకు డెబ్భై నాలుగేళ్ళు. ఆవిడకు ఒక్కతే అక్క, ఎనభై ఒకటి, ఎక్కడో దూరాన కొడుకు దగ్గర ఉంటుంది. ఆ అక్కకు ఊపిరితిత్తుల్లో ఒకటి సగానికి పైగా తీసేశారు. రైలు ప్రయాణానికీ విమాన ప్రయాణానికీ డాక్టర్లు ఒప్పుకోరు. ఒంటరిగా అంత దూరం వెళ్ళడం అత్తయ్య వల్ల కాదు. తొమ్మిదేళ్ళుగా అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఫోను, అంతే. ఓడైతే సరేనని డాక్టరు అన్నాడని తెలియగానే రెండు కుటుంబాలూ కూడబలుక్కుని రెండు ఊళ్ళ రేవుల్లోనూ ఆగే ఒకే ఓడలో నాలుగు రోజులకు గదులు తీసుకున్నాయి. అక్కాచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒక గది, రెండు మంచాలు. అత్తయ్య నెల రోజుల నుంచి పెట్టె సర్దడం, మళ్ళీ తీయడం, మళ్ళీ సర్దడం.

ఓడవాళ్ళు ఒక షరతు పెట్టారు. ఎక్కే ముందు రోజు అందరూ ఇంట్లో కోవిడ్ టెస్టు చేసుకోవాలి. ఎవరికీ లేదని సాయంత్రం ఐదింటిలోపు ఫోనులో ఫారం నింపి పంపాలి. గదులు షేడక్క పేరు మీద తీసుకున్నారు కాబట్టి ఐదుగురి తరఫునా మీట నొక్కాల్సింది ఆవిడే.

ఆ రోజు పొద్దున పదింటికి ఐదుగురూ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. షేడక్క, ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు, అత్తయ్య, కాలేజీలో చదివే కూతురు, డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే మరిది. ముక్కుల్లో పుల్లలు తిప్పుకున్నారు. మరిది పది తుమ్ములు తుమ్మాడు. సీసాల్లో ముంచి, తలా ఒక ప్లాస్టిక్ బిళ్ళ మీద నాలుగేసి చుక్కలు వేశారు. పై గీత అందరికీ వస్తుంది, టెస్టు పనిచేసిందని గుర్తు. కింద రెండో గీత వచ్చిందంటే జబ్బున్నట్టు. పదిహేను నిమిషాలు ఆగి చూడాలి, ఇరవై దాటితే చూసినా లెక్కలోకి రాదు. కూతురు పద్ధతి గల పిల్ల. ఒక్కో బిళ్ళ ముందు ఒక్కో చీటీ పెట్టింది: నాన్న, నానమ్మ, అమ్మ, బాబాయ్, నేను. పెట్టి, గడియారం చూస్తూ తన పెట్టె సర్దుకోవడానికి వెళ్ళింది. మగవాళ్ళిద్దరూ టీలు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళారు. అత్తయ్య కుర్చీలోనే ఉంది. షేడక్క బల్ల దగ్గర ఉండిపోయింది, ఓడలో తన చీరలకు ఇస్త్రీపెట్టె దొరుకుతుందా అని ఆలోచిస్తూ.

పదిహేను నిమిషాలకు అందరూ మళ్ళీ చేరారు.

"ఐదుకు ఐదూ పాస్!" అన్నాడు లిఫ్టు మెకానిక్కు. "పదండి, పెట్టెలు కట్టండి."

"ఆగండి," అంది షేడక్క. "నాలుగోదాని మీద గీత ఉంది."

నాలుగు తలలు నాలుగో బిళ్ళ మీదకు వంగాయి.

"ఎక్కడ?"

"ఇదిగో, ఇక్కడ. లేతగా. గులాబీ రంగులో."

"నాకు తెలుపే కనబడుతోంది."

"తెలుపు కాదండీ. తెలుపు పక్కన తెలుపు కానిది."

"నాలుగోది బాబాయ్‌ది," అంది కూతురు చీటీ చూసి. మరిది గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "వదినా, మన మధ్య ఏమన్నా ఉంటే చెప్పు, ఇలా కక్ష తీర్చుకోకు."

అప్పుడు కూతురు బల్ల వంక తేరిపార చూసింది. "అమ్మా. ఈ మొదటి బిళ్ళ మీద చుక్క పక్కకు కారింది చూడు. అలా కారింది నాది. నాది చివర పెట్టాను కదా?"

షేడక్క బల్ల వంక చూసింది. ఐదు బిళ్ళలు. పై గీత ఎడమ పక్క బాగా ముదురు, తర్వాత కొంచెం తక్కువ, తర్వాత ఇంకొంచెం తక్కువ, కుడి పక్క చివరిది అన్నిటికంటే లేత. కొలిచి పేర్చినట్టు ఉన్నాయి. కొలిచి పేర్చినవే. చీటీలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

"అయ్యో," అని నోరు నొక్కుకుంది. "నా చేతులు పడిపోనూ! ఎప్పుడు సర్దానో నాకే తెలియదు."

ఇక చూడండి ఆ ఇంటి సంబరం. నాలుగో బిళ్ళ ఎవరిదో తెలియదు. దాని మీద గీత ఉందని ఒక్కావిడ అంటుంది, లేదని మిగతావాళ్ళంటారు. ఉంటే ఎవరికో జబ్బుంది, ఎవరికో తెలియదు. లేకపోతే ఈవిడ కళ్ళకు జబ్బుంది. లిఫ్టు మెకానిక్కు టార్చి తెచ్చాడు. టార్చి వెలుగులో షేడక్కకే గీత కనబడటం మానేసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్తే మళ్ళీ కనబడింది. కూతురు ఫోనులో ఫొటో తీసి, రంగులు పెంచి చూపించింది. పెంచిన ఫొటోలో ఐదు బిళ్ళల మీదా ఏవేవో నీడలు వచ్చాయి, కారిన టీ చుక్క మీద కూడా గీత ఉన్నట్టే ఉంది.

"వాసన చూద్దాం," అన్నాడు మరిది. "జబ్బుంటే వాసన తెలియదంట." సబ్బు తెచ్చి అందరి ముక్కుల కింద తిప్పాడు. అందరికీ వాసన తెలిసింది, ఒక్క మరిదికే తెలియలేదు. కానీ మరిదికి పుట్టినప్పటి నుంచీ జలుబే. ఆ ఇంట్లో గ్యాసు వాసన వచ్చినా అతనికి ఫోను చేసి చెప్పాలి.

"మీకేమన్నా కనబడుతోందా అత్తయ్యా?" అని షేడక్క ఆశగా అడిగింది.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని బిళ్ళను చాలాసేపు చూసింది. "నాకేం కనబడుతుందమ్మా," అని బిళ్ళను తిరిగి ఇచ్చేసింది.

మళ్ళీ టెస్టు చేసుకుందామంటే డబ్బాలో ఉన్నవి ఐదే. లిఫ్టు మెకానిక్కు రెండు వీధులు తిరిగి వచ్చాడు. రేపటి ఓడ ఎక్కేవాళ్ళంతా మందుల షాపుల మీద పడ్డారట, మూడింటికి గానీ సరుకు రాదట. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. ఇరవై నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి.

"కళ్ళు ఒకసారి..." అని మొదలుపెట్టి, భార్య మొహం చూసి లిఫ్టు మెకానిక్కు మిగతా మాట మింగేశాడు. మింగితే ఏం లాభం, తగలాల్సిన చోట తగిలేసింది.

షేడక్క మొహానికి మాస్కు కట్టుకుని, నాలుగో బిళ్ళను ప్లాస్టిక్ సంచిలో వేసుకుని మిల్లుకు నడిచింది. పది నిమిషాల దారి. సెలవు రోజు, కాపలావాడు దూరం నుంచే తాళాలు విసిరాడు. తొట్టెలన్నీ మూతలేసి ఉన్నాయి, నేల తడారిపోయి ఉంది. షేడ్ రూములో కూర్చుని మొదటి మీట నొక్కింది. పగటి వెలుగు. గీత ఉంది. రెండోది, దుకాణం వెలుగు. గీత లేదు, శుభ్రంగా మాయం. మూడోది, ఇంటి వెలుగు. ఉందా? ఉన్నట్టుంది. మళ్ళీ మొదటి మీట. ఉంది, వందసార్లు అడిగినా ఉంది. మూలనున్న మిషన్ దగ్గరికి కూడా వెళ్ళింది, పంతానికి పోయి. దాని కన్ను రూపాయి బిళ్ళంత వెడల్పు, గీతేమో వెంట్రుకంత. ఏదో అంకె చూపించింది. దాన్ని తిట్టి బయటికి వచ్చింది.

కానీ ఇప్పుడు ఉందని తేలి మాత్రం ఏం ఒరిగింది? ఇరవై నిమిషాలు దాటాక ఊరికే కూడా గీత రావచ్చని కాగితం మీద రాశారు. తను చూసింది పదిహేనో నిమిషంలోనా, అప్పటికి ఏమీ లేకపోయినా ఉందని అనుకుని ఇప్పుడు నిజంగా వచ్చినదాన్ని చూస్తోందా? దారి పొడుగునా అదే రుబ్బింది. ఒక అడుగుకు ఉంది, ఒక అడుగుకు లేదు. ఇల్లు చేరేసరికి ఇంతకు ముందు ఎంత తెలుసో అంత కూడా తెలియకుండా పోయింది.

ఇంట్లో లిఫ్టు మెకానిక్కు ఫారం మొత్తం నింపి సిద్ధంగా కూర్చున్నాడు. అన్ని గడుల్లోనూ "లేదు". మీట నొక్కడమే తరువాయి.

"మూడింటికి కిట్లు తెస్తాను, కానీ వస్తాయో రావో," అన్నాడు. "ముందు ఇది నొక్కెయ్. అమ్మ నెల రోజుల నుంచి ఎదురుచూస్తోంది. మళ్ళీ ఇద్దరూ ఎప్పుడు కలుస్తారు? పెద్దమ్మకు ఎనభై దాటాయి."

"పెద్దత్తయ్య ఊపిరితిత్తి సంగతి తెలిసే మాట్లాడుతున్నారా? మనలో ఎవరన్నా అంటిస్తే?"

"ఎవరికీ కనబడని గీత కోసమా?"

మొగుడి మాటలో న్యాయముంది, తన భయంలోనూ న్యాయముంది, రెండూ ఒకే తలలో పట్టడం లేదు. ఫోను పట్టుకుని అత్తయ్య గదిలోకి వెళ్ళింది. అత్తయ్య పెట్టె పక్కన మంచం మీద కూర్చుని ఉంది, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని.

"అత్తయ్యా, ఒకటి అనుకున్నాను," అంది గడప దగ్గరే నిలబడి. "ఆ బిళ్ళ నాదని రాసేస్తాను. నేను ఉండిపోతాను. మీరు నలుగురూ వెళ్ళండి. నాదే అయ్యుండొచ్చు కూడా, ఎవరికి తెలుసు?"

అత్తయ్య తలెత్తలేదు. "నువ్వు నీదని రాస్తే, నేను అక్క పక్క మంచం మీద పడుకోవచ్చా?"

"పడుకోవచ్చు. ఆ గీత మీది కాకపోతే."

అత్తయ్య పెట్టెను కాలితో మంచం కిందికి నెట్టింది.

"అది నాదేనమ్మా," అంది అత్తయ్య. "రెండోదాన్ని తీసి నాలుగో చోట పెట్టావు. నీ చేతుల వంకే చూస్తూ కూర్చున్నాను. గీత కూడా కనబడింది, నువ్వు చూపించిన చోటే. కనబడలేదన్నాను. నువ్వు ఒక్కదానివే అంటున్నావు కదా, నీ కళ్ళూ నా కళ్ళూ రెండూ పొరపాటు పడి ఉంటాయిలే అనుకున్నాను."

ఆ మాట వినగానే షేడక్కకు మొట్టమొదట కలిగింది సంతోషం. దాచిపెట్టి లాభం లేదు, సంతోషమే. గీత ఉంది! ఇంకో మనిషికి కనబడింది! మూడు నెలల బరువు ఒక్కసారి దిగిపోయి, మాస్కు వెనక పెదవులు సాగాయి కూడా. మరుక్షణం ఎదురుగా మంచం మీద ముడుచుకుని కూర్చున్న పెద్దావిడను చూసింది. తొమ్మిదేళ్ళకు వచ్చిన నాలుగు రోజులు అక్కడికక్కడే పోగొట్టుకున్న మనిషి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"తిట్టమ్మా," అంది అత్తయ్య. "అక్కకు అంటించడానికి కూడా సిద్ధపడ్డాను. ఆశ మనిషిని ఎంత దిగజారుస్తుందో చూడు."

షేడక్కకు తిట్టాలో, ఓదార్చాలో, క్షమించమని తానే అడగాలో తెలియలేదు. "తలుపు వేసుకోండి అత్తయ్యా, టీ పంపిస్తాను," అని ఏదో అనేసి వచ్చేసింది.

మూడున్నరకు కిట్లు వచ్చాయి. ఈసారి కూతురు చీటీలను బిళ్ళలకే అంటించి, తల్లిని బల్లకు ఆమడ దూరంలో కూర్చోబెట్టింది. నానమ్మ బిళ్ళ మీద ఐదు నిమిషాలకే రెండో గీత ఎర్రగా లేచింది. దానికి కళ్ళజోడు కూడా అక్కర్లేదు. మిగతా నాలుగూ ఖాళీ. ఎవ్వరూ షేడక్కను మెచ్చుకోలేదు, మెచ్చుకుంటే ఆమె కొట్టేదేమో. లిఫ్టు మెకానిక్కు ఫారం తెరిచి "లేదు"లన్నీ చెరిపి, రావడం లేదని రాశాడు. ఆమె నొక్కింది.

నాలుగింటికి ఠంచనుగా ఫోను మోగింది. ఆ ఫోను అత్తయ్యది, వంటింటి గట్టు మీద ఉంది. "నేను మాట్లాడలేను, నువ్వే చెప్పు," అంది అత్తయ్య మూసిన తలుపు వెనక నుంచి.

"ఏమే, సర్దుకున్నావా?" అవతల నుంచి పెద్దత్తయ్య గొంతు, పండగలా. "కిటికీ పక్క మంచం నీకే. నేను మాటిమాటికీ లేస్తాను, నాకు తలుపు పక్కదే సుఖం."

"పెద్దత్తయ్యా, నేను, కోడల్ని." ఎలా చెప్పాలో మెత్తటి మాట ఒక్కటీ దొరకలేదు. "అత్తయ్యకు పాజిటివ్ వచ్చింది. మేం రావడం లేదు."

అవతల టీవీ మోత ఆగిపోయింది.

"దానికివ్వు," అంది పెద్దత్తయ్య.

"మాట్లాడలేనంటున్నారు."

"మాట్లాడొద్దులే. ఫోను దాని దగ్గర పెట్టు, చాలు."

షేడక్క తలుపు ఓరగా తెరిచి, స్పీకరు పెట్టి, స్టూలు మీద ఫోను ఉంచి లోపలికి జరిపింది. అత్తయ్య దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు. తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డ షేడక్క, ఏడుస్తారేమో, ఒకరినొకరు నిష్ఠూరమాడుకుంటారేమో అనుకుంది. నిమిషం దాటింది.

"ఎప్పటి నుంచి ఈ ఆయాసం?" అంది పెద్దత్తయ్య.

"ఏ ఆయాసం?"

"నా దగ్గరా నీ నాటకాలు? సగం ఊపిరితో పదకొండేళ్ళుగా బతుకుతున్నదాన్ని. మాట్లాడకుండా కూర్చుని కూడా అలా రొప్పుతున్నావు. ఎప్పటి నుంచి?"

"నిన్న పొద్దున్నుంచి," అంది అత్తయ్య, చిన్నపిల్లలా.

"ఇంట్లో చెప్పావా?"

"చెప్తే రానిస్తారా అక్కా?"

అవతల పెద్దావిడ గట్టిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినబడింది. "అమ్మాయ్, ఉన్నావా అక్కడ? ఒకే ఇంట్లో ఉంటారు కదమ్మా. నువ్వు చూడలేదా?"

నిన్న మెట్ల మధ్యలో అత్తయ్య రెండుసార్లు ఆగింది. చెప్పు పట్టీ సర్దుకుంటోందనుకుని, చేతిలో కొత్త సంచులతో షేడక్క పక్కనుంచి దాటుకుని పైకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం కంచంలో సగం అన్నం వదిలేస్తే ప్రయాణం హడావిడి అనుకుంది. ఇందాక ఈ గడపలోనే నిలబడి అంతసేపు మాట్లాడింది, ఆ మోకాళ్ళ మీద చేతులు ఎందుకు బిగించి పెట్టుకుందో అడగలేదు.

"చూడలేదు పెద్దత్తయ్యా," అంది.

"సరే. ఇప్పుడు చూడు. ఆసుపత్రికి తీసుకెళ్ళు, ఓడ సంగతి తర్వాత ఏడుద్దాం."

షేడక్క మరిదిని కేకేసింది, డ్రైవింగ్ స్కూలు కారు గుమ్మం ముందుకు తెమ్మని. అత్తయ్య వద్దంటూనే లేచి, చెప్పుల కోసం వంగబోయి, సగంలో మంచం కోడు పట్టుకుని ఆగిపోయింది. షేడక్క మాస్కు సరిచేసుకుని లోపలికి వెళ్ళి, కింద కూర్చుని, ఆవిడ కాళ్ళకు చెప్పులు తనే తొడిగింది.